తొమ్మిదింబావు లోపు చదివిన వార్త: ఏఐ మార్కెట్ సారాంశాల మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని క్లయింటు అరవై దాటిన విశ్రాంత అధ్యాపకురాలు, హైదరాబాద్‌లో లెక్కలు చెప్పేవారు. మనిషిని గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. రాయడానికి ఆవిడ అనుమతి ఉంది. ఆవిడ ఖాతాలోని కంపెనీల పేర్లు ఎక్కడా రావు. పేర్లతో కనిపించేవి అందరికీ తెలిసిన పాత ఉదంతాలు, అభ్యాసం కోసం వాడుకున్నవి.

ఇంట్లో షేర్ల వ్యవహారం చాలాకాలం ఆవిడ భర్త చూసేవారు. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి నడిచిన రోజుల్లో (1943లో మొదలైన ఆ సంస్థ 2007లో గుర్తింపు కోల్పోయింది) బ్రోకరు ఆఫీసులో కూర్చుని కాగితపు షేర్లు కొన్న తరం ఆయనది. కొని మరిచిపోవడం ఆయన పద్ధతి, అది చాలావరకు కలిసొచ్చింది. ఆరోగ్యం సహకరించక ఆయన తప్పుకున్నాక ఖాతా ఈవిడ చేతికి వచ్చింది. ముప్పైకి పైగా కంపెనీలు, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకు డిపాజిట్లు. ఇంటి ఖర్చులకు పింఛను సరిపోతుంది, కాబట్టి షేర్లలోంచి హడావిడిగా డబ్బు తీయాల్సిన అవసరం ఏదీ లేదు. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ సంగతి మీదే ఆధారపడ్డాయి. రోజువారీ ట్రేడింగ్ మీద బతికే మనిషికి ఇక్కడ రాసినవి వర్తించవు.

నేను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదైన పెట్టుబడి సలహాదారును. ఫీజు తీసుకుని సలహా చెప్పడం వరకే నా పని, కమీషన్లు లేవు.

వచ్చిన సమస్య

"ఈ నాలుగింటిలో ఏది నమ్మదగినదో చెప్పండి, మిగతావి తీసేస్తాను" అని ఫోను నా ముందు పెట్టారు. బ్రోకరు యాప్ పొద్దున్నే పంపే ఏఐ సారాంశం ఒకటి, వార్తల యాప్‌లోది ఒకటి. మూడోది ఆవిడే ప్రశ్నలు అడిగే చాట్‌బాట్. నాలుగోది ఒక వాట్సాప్ బృందం. అందులో ఎవరో ఏఐతో తెలుగులో రాయించిన సారాంశాలు రోజూ అతికిస్తారు. ఉదయం కాఫీ దగ్గర నుంచి మార్కెట్ తెరుచుకునే తొమ్మిదింబావు వరకు వీటితోనే సరి. మధ్యాహ్నం మరో విడత. సారాంశాలు వచ్చింది సమయం మిగల్చడానికి కదా, ఆవిడకు మాత్రం పత్రిక చదివిన రోజులకంటే ఎక్కువ సమయం పట్టేది.

ఏ యాప్ మంచిదో తేల్చడం నాకు పెద్ద కష్టం కాదు. కానీ ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. యాప్‌లు పక్కన పెట్టి గత ఏడాది కాంట్రాక్టు నోట్లు (ప్రతి కొనుగోలుకూ అమ్మకానికీ బ్రోకరు ఇచ్చే రసీదులు) అడిగాను. మనిషి ఏం చదివారో ఫోను చెబుతుంది. చదివినదాని వల్ల ఏం చేశారో కాంట్రాక్టు నోటు చెబుతుంది, అదీ నిమిషాలతో సహా. వాటిలో రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. అమ్మకాల్లో ఎక్కువ భాగం మార్కెట్ తెరిచిన మొదటి అరగంటలో జరిగాయి. అమ్మిన కంపెనీనే కొద్ది వారాల్లో మళ్లీ కొన్న సందర్భాలు చాలా ఉన్నాయి. భర్త చేతుల్లో ఉన్నప్పుడు ఏడాదికి వేళ్లమీద లెక్కపెట్టే లావాదేవీలు జరిగిన ఖాతా అది. అమెరికాలో ఒక బ్రోకరేజికి చెందిన ఖాతాలను బార్బర్, ఓడీన్ అనే పరిశోధకులు పరిశీలించినప్పుడు 1991-96 మధ్య అతి తరచుగా కొని అమ్మినవారికి ఏటా 11.4 శాతం, మార్కెట్‌కు 17.9 శాతం రాబడి వచ్చినట్టు తేలింది. ఆవిడకు ఈ అంకెలు చెప్పాను. "తేడా ఖర్చులదేనా?" అన్నారు వెంటనే. ప్రధానంగా ఖర్చులదే.

నోట్లలో ఒక లావాదేవీని విడిగా తీసుకున్నాం. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్లు ఉన్న ఒక ఫార్మా కంపెనీ షేర్లు ఏళ్లుగా ఖాతాలో ఉన్నాయి. ఒక ఉదయం సారాంశంలో "అమెరికా ఎఫ్‌డీఏ తీవ్ర అభ్యంతరాలు, ఎగుమతులపై నీలినీడలు" అని వచ్చింది. ఎఫ్‌డీఏ అంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ. నాలుగు చోట్లా దాదాపు అదే వాక్యం. మార్కెట్ తెరవగానే సగం అమ్మేశారు.

కంపెనీ ఎక్స్ఛేంజికి పంపిన ప్రకటన ఒక పేజీ కూడా లేదు. తనిఖీ ముగిసింది, కొన్ని పరిశీలనలతో ఫామ్ 483 ఇచ్చారు, గడువులోపు జవాబిస్తాం, అంతే. హైదరాబాద్‌లో ఫార్మా ఉద్యోగులున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, 483 అంటే తనిఖీ చివరి రోజున అధికారులు తాము చూసిన లోపాలను రాసిచ్చే కాగితం. అది ఎఫ్‌డీఏ తుది నిర్ణయం కాదు. కంపెనీ 15 పనిదినాల్లో జవాబిస్తుంది. ఆ తర్వాత తనిఖీని మూడు తరగతుల్లో ఒకదానిలో వేస్తారు: చర్య అక్కర్లేదు, కంపెనీయే స్వచ్ఛందంగా సరిదిద్దుకోవాలి, అధికారిక చర్య అవసరం. హెచ్చరిక లేఖ, దిగుమతుల నిలిపివేత లాంటివి మూడో తరగతి దాకా పోయినప్పుడు వచ్చే సంగతులు. మరి "ఎగుమతులపై నీలినీడలు" ఎక్కడి నుంచి వచ్చాయి? మూల వార్త చివర్లో, వేరే కంపెనీకి కొన్నేళ్ల కిందట జరిగిన దిగుమతి నిలిపివేత గురించి నేపథ్యంగా ఒక పేరా ఉంది. సారాంశం రెండింటినీ కలిపి ఒకే వాక్యం చేసింది.

కొన్ని వారాలకు ఆ తనిఖీ రెండో తరగతిలో ముగిసింది. ఈవిడ షేర్లు తిరిగి కొన్నారు, అమ్మినదానికంటే ఎక్కువ ధరకు. దానికి తోడు పాత షేర్లకున్న దీర్ఘకాలిక హోదా పోయింది. కొత్తగా కొన్నవాటిని ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను, ఏడాది దాటితే 12.5. గడియారం మళ్లీ మొదటి నుంచి.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందే ఆవిడ ఒక పరిష్కారం ప్రయత్నించారు. ఒక ఏఐ ఇచ్చిన సారాంశాన్ని ఇంకో ఏఐకి ఇచ్చి "ఇది నిజమేనా?" అని అడగడం. లెక్క చేశాక రెండో పద్ధతిలో సరిచూసుకోమని పిల్లలకు చెప్పిన మనిషి, ఆలోచన సహజమే. అయితే రెండో పద్ధతి మొదటిదానితో సంబంధం లేకుండా ఉండాలి కదా. ఇక్కడ రెండు యంత్రాలూ చదివేది అవే వార్తలు. పైగా ఒక ఏజెన్సీ రాసిన ఒకే కథనాన్ని నాలుగు యాప్‌లు నాలుగు రకాల మాటల్లో చెబితే, చదివేవారికి నలుగురు సాక్షులు చెప్పినట్టు అనిపిస్తుంది. సాక్షి ఒక్కడే. ఫార్మా షేరు విషయంలో జరిగింది అదే: నాలుగు చోట్ల చూశాననే ధైర్యంతో అమ్మారు.

"అసలు ఇవి ఎంత తరచుగా తప్పుతాయి?" అని అడిగారు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్, బీబీసీ కలిసి 2025 అక్టోబరులో ఒక అధ్యయనం ప్రచురించాయి. 18 దేశాల్లోని 22 ప్రజా ప్రసార సంస్థల పాత్రికేయులు నాలుగు ఏఐ సహాయకుల జవాబులను పరిశీలించారు. వార్తల గురించి ఇచ్చిన జవాబుల్లో 45 శాతంలో కనీసం ఒక ముఖ్యమైన లోపం కనిపించింది. అది సాధారణ వార్తల మీద చేసింది, మార్కెట్ సారాంశాలకు అదే అంకె అంటగట్టలేం. అయితే అక్కడ ఎక్కువగా దొరికిన లోపం, సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో సరిగా చూపకపోవడం. ఆవిడ ఫోనులోనూ మేం చూస్తున్నది అదే.

పని చేయనివి

మొదట చేసిన పని మూలాలను తగ్గించడం. వాట్సాప్ బృందం, చాట్‌బాట్, వార్తల యాప్ పక్కన పెట్టి బ్రోకరు యాప్ ఒక్కటే ఉంచాం. ఎందుకంటే ఒకే కథనం నాలుగుసార్లు కళ్లబడటం ఆగితే దాని బలం కూడా తగ్గుతుందని. కొన్ని వారాలు బాగానే గడిచింది. తర్వాత టీవీ బిజినెస్ చానెల్ కింద పరిగెత్తే అక్షరాలు ఆ ఖాళీలోకి వచ్చాయి. కారణం ఆవిడే చెప్పారు: "ఒకటే చదివితే, అందులో రానిది ఏదో ఉండిపోయిందేమో అని భయం." ఏది రావాలో ముందు నిర్ణయించుకోనప్పుడు, రాకుండా పోయినది ఏమిటో తెలిసే మార్గం లేదు. చదివే మొత్తం తగ్గించినా ఆ భయం తగ్గలేదు.

రెండోది చాట్‌బాట్‌కు మంచి ఆదేశం రాయడం. ఇది ఆవిడకు చాలా నచ్చింది. విశేషణాలు వద్దు, ఊహలు వద్దు, ప్రతి కంపెనీకీ ఒక వరుస: ఆదాయం, నికర లాభం, కిందటి ఏడాదితో పోలిక, కిందటి త్రైమాసికంతో పోలిక, కన్సాలిడేటెడా (అనుబంధ సంస్థలన్నీ కలిపి) స్టాండలోనా (ఆ కంపెనీ ఒక్కటే), ప్రత్యేక అంశాలు (ఒక్కసారికే వచ్చే లాభనష్టాలు) ఉన్నాయా. ఫలితాల కాలంలో రోజూ చక్కని పట్టిక తయారయ్యేది. చూడముచ్చటగా ఉండేది కూడా.

చిక్కు ఆ పట్టికలోనే ఉంది. మూల వార్తలో కన్సాలిడేటెడా స్టాండలోనా అని రాయకపోతే, యంత్రం ఆ గడి ఖాళీగా వదలలేదు, ఏదో ఒకటి నింపింది. ప్రత్యేక అంశాల గురించి వార్తలో మాట లేకపోతే "లేవు" అని రాసింది. వార్తలో రాయలేదు అన్నదానికీ, లేవు అన్నదానికీ మధ్య ఎంత దూరముందో లెక్కలు చెప్పిన మనిషికి విడమరచి చెప్పనక్కర్లేదు. అయినా పట్టికలో ఉన్నప్పుడు ఆవిడకే అనుమానం రాలేదు. గజిబిజి వాక్యాన్ని అనుమానించే కన్ను గీతలు గీసిన గడిని అనుమానించదు. పట్టికలోని కొన్ని వరుసలను ఎక్స్ఛేంజి పత్రాలతో పక్కపక్కన పెట్టి చూపించాక, "వార్తలో లేకపోతే లేదని రాయి" అనే వాక్యం ఆదేశంలో చేర్చాం. తప్పులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఎంత తగ్గాయో తెలుసుకోవాలంటే మళ్లీ ప్రతి గడినీ పత్రంతో పోల్చాలి. ప్రతి గడినీ పోల్చే ఓపిక ఉంటే పట్టికతో పనేముంది?

ఇక్కడ ఒక నిర్ణయానికి వచ్చాం. సారాంశం నాణ్యత పెంచే ప్రయత్నం ఆపేయాలి. తప్పులున్న సారాంశమే వస్తుందనుకుని, దాన్ని దేనికి వాడుకోవచ్చో చూడాలి.

పని చేసినవి

మొదటి అడుగులో వార్తలతో సంబంధమే లేదు. ప్రతి కంపెనీకీ ఎదురుగా రెండు వాక్యాలు రాయమన్నాను: ఇది నా దగ్గర ఎందుకు ఉంది, ఏం జరిగితే అమ్ముతాను. ధర గురించి రాయకూడదని ఒక్కటే షరతు. ఫార్మా కంపెనీ ఎదురుగా ఆవిడ రాసింది ఇది: "అమెరికా అమ్మకాల్లో పెద్ద వాటా ఉన్న ప్లాంటు మీద దిగుమతి నిలిపివేత వస్తే, ఆడిటరు మధ్యలో తప్పుకుంటే, ప్రమోటరు షేర్ల తాకట్టు బాగా పెరిగితే." ఈ కాగితం ఆ ఉదయం చేతిలో ఉంటే ఫామ్ 483 వార్త వచ్చేది, పోయేది.

ముప్పైకి పైగా కంపెనీల్లో సగానికి రెండు వాక్యాలు రాయలేకపోయారు. "ఆయన కొన్నారు, ఉంది" అన్నారు. నేను అడగకుండానే వాటి సంగతి తేలింది: ఎందుకు ఉందో తెలియని షేరు గురించి ఏ వార్త ముఖ్యమో ఎన్నటికీ తెలియదు, కాబట్టి ప్రతి వార్తా ముఖ్యమే అవుతుంది. ఆవిడ పఠన సమయంలో పెద్ద వాటా వీటిదే. వీటిని నెమ్మదిగా, సూచీలోని కంపెనీలన్నిటినీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చాలని నిర్ణయించాం. ఒక్కసారిగా ఎందుకు వద్దన్నానో చివర్లో చెబుతాను.

రెండోది వేళ. పొద్దున సారాంశం చదవడం మానేసి సాయంత్రం నాలుగు తర్వాత చదవమన్నాను. దీనికే ఆవిడ ఎక్కువ వాదించారు. ఆలస్యమైతే నష్టం కదా అని. నా వాదన ఇది. మీ కాగితంలో రాసుకున్న సంఘటనలు ఏవీ ఒక్క రోజులో ముగిసేవి కావు. బోర్డు సమావేశం నిర్ణయాలను కంపెనీ 30 నిమిషాల్లో ఎక్స్ఛేంజికి చెప్పాలి, సమావేశం మార్కెట్ వేళల తర్వాత ముగిస్తే 3 గంటల్లో. కంపెనీ లోపల పుట్టిన ఇతర ముఖ్య విషయాలకు 12 గంటలు, బయటి నుంచి వచ్చినవాటికి 24. ఆ రోజు వార్తకు ఆధారమైన పత్రం సాయంత్రానికి చాలావరకు చేతికి అందుతుంది. పొద్దున ఎనిమిదింటికి చాలాసార్లు వార్త మాత్రమే ఉంటుంది. పదంతస్తుల మేడ మీంచి చూసి ట్రాఫిక్ ఎటు పోతుందో చెప్పడానికీ, రోడ్డు మీద నిలబడి చెప్పడానికీ ఉన్నంత తేడా అది. ఇంకా, మధ్యాహ్నం సారాంశంలో "విదేశీ సంస్థల అమ్మకాలతో సూచీలు పడ్డాయి" అని ఉంటే, ఆ రోజు విదేశీ సంస్థల తాత్కాలిక అంకెలు ఎక్స్ఛేంజిలు ఇచ్చేదే మార్కెట్ ముగిశాక అని గుర్తుంచుకోవాలి. రాయని లెక్కకు జవాబు ముందే దిద్దేసినట్టు.

ఈ వేళ మార్పుకు ఒకసారి వెల కూడా కట్టాల్సి వచ్చింది. ఖాతాలోని ఒక చిన్న కంపెనీలో ఆడిటరు గడువుకు ముందే తప్పుకున్నారు. అమ్మాలని కాగితంలో రాసి ఉన్న సంఘటనే. పత్రం ఉదయమే ఎక్స్ఛేంజి సైట్లో పడింది, ఆవిడ అక్కడ చూసింది సాయంత్రం, మర్నాడు అమ్మారు. మొదటి రోజు అమ్మి ఉంటే కొంత ఎక్కువ వచ్చేది. ఆ తేడా ఎంతో ఆవిడే లెక్క కట్టారు. ఫార్మా షేరు అమ్మి మళ్లీ కొన్నందుకు పోయినదానిలో చిన్న భాగం. పద్ధతి మార్చలేదు.

మూడోది చదివే తీరు. దీనికి పాత రోజులు తీసుకుని అభ్యాసం చేయించాను. ఫలితం ముందే తెలిసిన లెక్క మీద పద్ధతి నేర్పడం ఆవిడకు అలవాటైన పనే. ఆ రోజుకు సంబంధించిన వార్తలతో ఏఐ సారాంశం రాయించుకోవడం, దాని మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టడం, తర్వాత మూల పత్రం తెరవడం. గుర్తులు నాలుగింటికే: అంకె, అది దేనితో పోల్చినది, ఎవరు చెప్పారు, ఎప్పుడు. "కారణంగా", "నేపథ్యంలో", "దీంతో" అనే మాటలు ఉన్న భాగాలన్నీ కొట్టేయాలి. దూసుకెళ్లడాలు, కుప్పకూలడాలు కూడా. మార్కెట్ ఎందుకు పడిందో ఆ సాయంత్రానికి నిజంగా ఎవరికీ తెలియదు. ఏ కారణమూ దొరకని రోజు కోసం "లాభాల స్వీకరణ" ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇలా కొట్టేశాక సారాంశంలో మిగిలేది మూడో వంతు కూడా ఉండదు.

2024 అక్టోబరు 28 మొదట తీసుకున్నాం. రిలయన్స్ షేరు ధర ఆ రోజు అంతకుముందు ముగింపులో సగం దగ్గర కనిపించింది. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన రోజు అది. షేర్లు రెట్టింపు, ధర సగం, విలువ అంతే. బోనస్ షేర్లు ఖాతాలో పడేలోపు కొన్ని యాప్‌లలో పెట్టుబడి సగమైనట్టే కనిపించింది. దేనితో పోల్చారు అనే ప్రశ్న ఒక్కటే ఇక్కడ సరిపోతుంది. ఆవిడ దీన్ని నిమిషంలో తేల్చేశారు.

ఐటీసీ 2024-25 నాలుగో త్రైమాసికం కొంచెం ఎక్కువ సేపు పట్టింది. కన్సాలిడేటెడ్ నికర లాభం 19,800 కోట్ల రూపాయల పైచిలుకు, అంతకుముందు ఏడాది అదే త్రైమాసికానికి దాదాపు నాలుగు రెట్లు. అంకె నిజం, పోలిక నిజం. కానీ అందులో సుమారు 15 వేల కోట్లు హోటళ్ల వ్యాపారాన్ని విడదీయడం వల్ల పుస్తకాల్లోకి వచ్చిన ఒక్కసారి లాభం. సిగరెట్లు, పిండి, బిస్కెట్ల వ్యాపారం నాలుగింతలు కాలేదు. సారాంశాల్లో కొన్ని ఈ సంగతి చివరి వాక్యంలో చెప్పాయి, కొన్ని అసలు చెప్పలేదు. దీని తర్వాత ఆవిడ ఒక నియమం సొంతంగా పెట్టుకున్నారు: లాభం మార్పు అమ్మకాల మార్పుకు బాగా దూరంగా ఉంటే పత్రంలో ఫలితాల కింద ఉండే నోట్లు చదవాలి. నేను చెప్పినదానికంటే ఇది బాగుంది. ఇప్పుడు ఇతర క్లయింట్లకు కూడా చెబుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది 2025 జూన్ 6 మీద. ఆ రోజు రిజర్వు బ్యాంకు, తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ అయిన రెపో రేటును 6 శాతం నుంచి 5.50కి, బ్యాంకులు డిపాజిట్లలో తన దగ్గర ఉంచాల్సిన వాటా అయిన సీఆర్ఆర్‌ను నాలుగు విడతల్లో 4 నుంచి 3 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. సారాంశాలన్నిటిలో ఇదే మొదటి వాక్యం, చాలావాటిలో ఇదొక్కటే. అప్పట్లో ఆవిడ గడువు తీరిన డిపాజిట్లను దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్ల ఫండ్‌లోకి మార్చాలా అని ఆలోచించారట. రేట్లు ఇంకా తగ్గుతూ పోతే బాండ్ల ధరలు పెరుగుతాయి కాబట్టి. ఆ నిర్ణయానికి అవసరమైన వాక్యం తీర్మానంలో కిందెక్కడో ఉంది: విధాన వైఖరిని సర్దుబాటు ధోరణి (రేట్ల కోతకు మొగ్గు) నుంచి తటస్థానికి (ఎటైనా మారొచ్చు) మార్చారు. ఫిబ్రవరి నుంచి నూరు బేసిస్ పాయింట్లు (అంటే ఒక శాతం) తగ్గించాక, వృద్ధికి ఊతమివ్వడానికి ద్రవ్య విధానానికి ఇక చాలా పరిమితమైన వెసులుబాటే మిగిలిందని గవర్నర్ సంజయ్ మల్హోత్రా ప్రకటనలో ఉంది. పెద్ద కోత, ఇకపై తొందరలేదనే సూచన, రెండూ ఒకే కాగితంలో. ఆగస్టు, అక్టోబరు సమావేశాల్లో రేటు మారలేదు, డిసెంబరులో 5.25కి తగ్గింది. "అంటే తటస్థం అన్నా తగ్గించారుగా!" అన్నారు ఆవిడ. నిజమే. ఆ వాక్యం చదివితే భవిష్యత్తు తెలిసిపోదు. కోతలు వరసగా వస్తాయనే ఒక్క ఊహ మీద ఉన్న డబ్బంతా మార్చేయకుండా మాత్రం ఆపుతుంది. సారాంశం తనకు ముఖ్యమనిపించింది పైన పెడుతుంది, మన నిర్ణయం ఏమిటో దానికి తెలియదు.

"ఎప్పుడు" అనే గుర్తు కోసం 2025 ఏప్రిల్ 7 నుంచి 11 వరకు తీసుకున్నాం. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దిగుమతి సుంకాలను 90 రోజులు ఆపబోతున్నారన్న మాట 7న అమెరికా మార్కెట్లను నిమిషాల్లో పైకి లేపింది. అది తప్పుడు వార్త అని వైట్‌హౌస్ ఖండించగానే మళ్లీ పడ్డాయి. 9న ట్రంప్ నిజంగానే 90 రోజుల విరామం ప్రకటించారు. 10న మహావీర్ జయంతి, మన మార్కెట్లకు సెలవు. మన సూచీలు స్పందించింది 11న. ఆ వారం మొత్తాన్ని ఒక పేరాలో కుదించమంటే యంత్రం విరామాన్ని ఒకే సంఘటన చేసింది, 7నాటి అబద్ధం దానిలో కలిసిపోయింది. తేదీ, వేళ లేని వాక్యాన్ని లేనట్టే లెక్కించాలని ఇక్కడ ఖాయం చేసుకున్నాం. వదంతుల విషయంలో మన దగ్గర ఒక మంచి ఏర్పాటు ఉంది. మార్కెట్ విలువలో మొదటి 250 స్థానాల్లో ఉన్న కంపెనీలు, ధరను గణనీయంగా కదిలించిన వదంతిని 24 గంటల్లో ధ్రువీకరించడమో, ఖండించడమో, వివరణ ఇవ్వడమో చేయాలి. పెద్ద కంపెనీల మీద వచ్చే "విశ్వసనీయ వర్గాల సమాచారం" వార్తలకు మర్నాటి ఎక్స్ఛేంజి ప్రకటన చూడటమే మందు.

ఇప్పుడు ఆవిడ సాయంత్రం ఒకే సారాంశం తెరుస్తారు, అది ఏ యాప్‌దైనా సరే. తన కాగితంలో ఉన్న కంపెనీ పేరు, తను రాసుకున్న సంఘటన రెండూ కనిపిస్తేనే ఆగుతారు. ఆగితే ఎన్ఎస్ఈ లేదా బీఎస్ఈ సైట్‌లో ఆ కంపెనీ ప్రకటన తెరుస్తారు. సారాంశంలోని అంకెను అసలు నమ్మరు, ఏ పత్రం తెరవాలో చెప్పినందుకు మాత్రం వాడుకుంటారు. చాలా రోజులు ఏ పత్రమూ తెరవాల్సిన పని పడదు, కాఫీ తాగినంత సేపట్లో అయిపోతుంది. మరుసటి ఏడాది కాంట్రాక్టు నోట్లలో మొదటి అరగంట అమ్మకం ఒక్కటీ లేదు.

నేర్చుకున్నవి, ఇంకా తేలనివి

ఏ యాప్ మంచిదని ఎవరు అడిగినా ఇప్పుడు ముందు కాంట్రాక్టు నోట్లే అడుగుతున్నాను. నిర్ణయాల జాబితా లేని మనిషికి ఎంత మంచి సారాంశమైనా ఎక్కువే అవుతుంది. జాబితా ఉన్నవారికి ఓ మోస్తరుది చాలు. తెలుగులో వచ్చే సారాంశాల్లో అంకెల యూనిట్లు మరో జాగ్రత్త కోరతాయి. బిలియన్ డాలర్లు వంద కోట్ల రూపాయలైపోవడం, 25 బేసిస్ పాయింట్లు 25 శాతం కావడం ఆ వాట్సాప్ బృందంలోనే చూశాం. డాలర్, బిలియన్, బేసిస్ పాయింట్ కనిపిస్తే మూలం చూడాల్సిందే.

నేనూ నా పనిలో ఏఐ వాడతాను, పొడవైన వార్షిక నివేదికల్లో వెతకడానికి. సలహాదారు ఏఐ ఎంతమేరకు వాడుతున్నదీ క్లయింటుకు చెప్పాలి, అది ఇచ్చిన ఫలితానికి పూర్తి బాధ్యత సలహాదారుదే అని సెబీ నిబంధన. ఈవిడకు మొదటి రోజే చెప్పాను. అది విన్నాక, నా నివేదికలోని ప్రతి అంకె పక్కనా పేజీ సంఖ్య అడగడం మొదలుపెట్టారు. న్యాయమైన కోరిక.

తేలని విషయం ఒకటుంది. సారాంశంలో తప్పుగా వచ్చినదాన్ని పత్రం తెరిచి పట్టుకోవచ్చు, అసలు రానిదాన్ని ఎలా పట్టుకోవాలి? చిన్న కంపెనీల ప్రకటనలు కొన్ని కాగితాన్ని ఫొటో తీసి పెట్టినట్టు ఉండే పీడీఎఫ్‌లు. అవి వార్త కావు, యంత్రాలు సరిగా చదవలేవు. ఆడిటరు తప్పుకున్న సంగతి ఏ సారాంశంలోనూ రాలేదు. ఆ కంపెనీ మీద అనుమానం ఉండి ఆవిడే ఎక్స్ఛేంజి సైట్‌లో చూడబట్టి దొరికింది. ప్రస్తుతానికి, చేతిలో ఉన్న చిన్న కంపెనీల ప్రకటనల పేజీలు వారానికొకసారి నేరుగా తెరుస్తున్నారు. కంపెనీలు తక్కువైతే ఈ పని తేలిక, కాబట్టి మళ్లీ ఆ సగం షేర్ల దగ్గరికే వస్తాం. వాటిని ఒకేసారి అమ్మితే ఏళ్లనాటి లాభం మొత్తం ఒకే ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. ఏటా 1.25 లక్షల వరకు దీర్ఘకాలిక లాభానికి పన్ను లేదు కాబట్టి ఆ గీత దాటకుండా ఏడాదికి కొన్ని అమ్ముతున్నాం. ఏవి ముందు అన్నదానికి ఆవిడ పెట్టుకున్న వరుస: ఎక్కువగా వార్తల్లోకి వచ్చేవి ముందు. నేనైతే ప్రమోటర్లు (కంపెనీ యజమానులు) తాకట్టు పెట్టిన షేర్లు ఎక్కువున్నవాటితో మొదలుపెట్టమన్నాను. మార్చిలోపు ఒక మాట మీదికి రావాలి.